విజయనగరంలో రోజంతా ఒకే ఆటో: పాత ఊరిని మళ్ళీ చూడదలచినవారికి

విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్ బయట ఆటో మాట్లాడుకొని ఒక పూటగాని, రోజంతాగాని ఊరు చూసి రావచ్చు. దీనిని ఏ కంపెనీ నడపడం లేదు, ఫోనులో బుక్ చేసుకునే పని కూడా లేదు. స్టాండులో వరసలో ఉన్న డ్రైవరుతో నేరుగా మాట్లాడి, వెళ్ళవలసిన చోట్లు చెప్పి, ధర తేల్చుకొని ఎక్కాలి. మొన్న మాఘమాసంలో నేనూ మా చెల్లెలూ అలాగే ఒక ఆటో మాట్లాడుకొని ఉదయం తొమ్మిది గంటల నుంచి సాయంత్రం దాకా తిరిగాము. బేరం 1,200 రూపాయలకు కుదిరింది. వయసు మళ్ళినవారూ, ఎప్పుడో చిన్ననాట ఈ ఊరు చూసి ఇన్నాళ్ళకు మళ్ళీ వస్తున్నవారూ ఈ పద్ధతిని నమ్ముకోవచ్చా అన్న ప్రశ్నకు నా జవాబు ముందే చెబుతాను: నిస్సందేహంగా నమ్ముకోవచ్చు, అయితే ఎక్కేముందు డ్రైవరుతో కాసేపు మాట్లాడి చూసుకోవాలి. ఊరు చాలా మారిపోయింది కనుక, మన డబ్బుకు దక్కే అసలు సేవ ఆ మనిషికి ఊరి మీద ఉన్న ఎరుకే.

మాది రాజాం ప్రాంతం. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగిన నాటి నుంచి మేము విజయనగరం జిల్లావాళ్ళమే గాని, అంతకు ముందు మాది శ్రీకాకుళం జిల్లా. 1980ల తొలి సంవత్సరాలలో, మేమిద్దరం ఇంకా పెళ్ళికాని పిల్లలుగా ఉన్నప్పుడు, మా మేనమామ పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం చూపిస్తానని మమ్మల్ని ఈ ఊరికి తీసుకువచ్చారు. రాజాంకు రైలు లేదు కనుక చీపురుపల్లి దాకా బస్సులో వెళ్ళి, అక్కడ పాసింజరు రైలెక్కి, గరివిడి, నెల్లిమర్ల స్టేషన్లు దాటుకుంటూ, కళ్ళలో పడిన బొగ్గునుసి నలుపుకుంటూ విజయనగరంలో దిగాము. విజయనగరం జిల్లాగా ఏర్పడింది 1979 జూన్ 1న కాబట్టి అప్పటికి అది జిల్లా కేంద్రమై ఎంతో కాలం కాలేదు, కాని మా కళ్ళకు అంతకన్నా పెద్ద పట్టణం మరొకటి లేదు. స్టేషను బయట రిక్షాల వరస, సైకిళ్ళ మీద ఇంటిదారి పట్టిన జనపనార మిల్లుల కార్మికులు, రాతిగోడల కోట, ఎటు చూసినా కాలేజీ పిల్లలు, ఏదో వీధిలోకి మళ్ళేసరికి వినవచ్చిన వయొలిన్ నాదం, ఇవన్నీ కలిసి నా మనసులో విజయనగరమంటే ఇది అని స్థిరపడిపోయాయి. తరవాతి కాలంలో పెళ్ళిళ్ళకో, ఆసుపత్రి పనులకో ఈ ఊరి మీదుగా వెళ్ళినా, ఆగి చూసింది మాత్రం లేదు. ఈసారి చూడడం కోసమే వచ్చాము.

డ్రైవరును ఎంచుకోవడానికి మేము పెట్టుకున్న పరీక్ష చాలా చిన్నది. "పైడితల్లమ్మ గుడికి తీసుకెళ్తావా బాబూ" అని అడిగాము. మొదట అడిగిన అబ్బాయి సరేనని వెంటనే మీటరు వైపు చేయి చాపాడు. ఆ వెనకనున్న నడివయసు మనిషి మాత్రం "ఏ గుడికమ్మా, చదురుగుడికా, వనంగుడికా?" అని తిరిగి అడిగాడు. మేము అతని ఆటోనే ఎక్కాము. చదురుగుడి ఊరి నడుమ మూడు లాంతర్ల కూడలి దగ్గర ఉంటుంది, వనంగుడి రైల్వే స్టేషను దగ్గర ఉంటుంది. అమ్మవారు ఒక్కరే అయినా మొక్కు తీర్చుకునేవారు రెండు చోట్లకూ వెళ్తారు. ఈ తేడా తెలిసిన మనిషికి తక్కిన ఊరంతా తెలిసి ఉంటుందని మా చెల్లెలు అనుకున్నది, ఆ రోజు చాలావరకు నిజమైంది. అతని తండ్రి స్టేషను దగ్గర రిక్షా లాగేవాడట. ఏ సందులోంచి వెళితే ఎక్కడ తేలుతామో తండ్రి దగ్గర నేర్చుకున్నానని అతనే చెప్పాడు.

వనంగుడి నుంచి పెద్దచెరువు గట్టు వైపు వెళుతూ అతడు పైడితల్లి కథ ఎత్తుకున్నాడు. మా చిన్నప్పుడు మేనమామ చెప్పిన కథ అదే, కాని చెప్పిన వైపు వేరు. 1757 జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధమంటే మా రాజాంవాళ్ళకు ముందుగా తాండ్ర పాపారాయుడు గుర్తుకువస్తాడు. యుద్ధం నాటికి ఆయన ఉన్నది రాజాంలోనే, కబురు తెలిసి వచ్చేసరికి బొబ్బిలి కోట కూలిపోయింది, ఆ తరవాత ఆయన విజయనగరం రాజు విజయరామరాజును గుడారంలోకి చొరబడి చంపాడు. మేము ఈ కథను బొబ్బిలి వైపు నిలబడి విన్నవాళ్ళం. విజయనగరంలో పైడితల్లి ఆ విజయరామరాజు చెల్లెలు. అన్నకు కీడు జరగబోతున్నదని ముందే ఎరిగి తల్లడిల్లిందనీ, అన్న మరణవార్త విని పెద్దచెరువులో ఐక్యమైందనీ, ఆ తరవాత చెరువులోంచి విగ్రహాన్ని పైకి తీసి ప్రతిష్ఠించారనీ స్థలపురాణం. డ్రైవరు ఆ కథను తన ఇంటి ఆడపడుచు కథలాగా, గొంతు తగ్గించి, మధ్యమధ్యలో బండి వేగం కూడా తగ్గించి చెప్పాడు. మేము రాజాంవాళ్ళమని తెలిశాక "అయితే పాపారాయుడు మీ వోడేనేటమ్మా" అన్నాడే గాని, ఆ మాటలో నొప్పించే ధోరణి లేదు. రెండున్నర శతాబ్దాలు దాటిన పగను ఇంత మర్యాదగా మాట్లాడుకోగలగడం నాకు ఎంతో నచ్చింది. ఏ పర్యాటక పుస్తకమూ ఈ రెండు వైపుల కథను ఇలా ఎదురెదురుగా కూర్చోబెట్టి వినిపించదు.

పెద్దచెరువు మాత్రం నన్ను కలవరపెట్టింది. అప్పట్లో గట్టు మీద నిలబడితే నీళ్ళూ ఆకాశమూ తప్ప మరేమీ కనిపించేవి కావని నాకు గుర్తు. ఇప్పుడు ఎటు తిరిగినా ఇళ్ళే కనిపించాయి. సిరిమాను తరవాత తెప్పోత్సవం జరిగే చెరువు ఇది. డ్రైవరు మమ్మల్ని జనం తక్కువగా ఉన్న వైపుకు తీసుకువెళ్ళి, నీళ్ళు బాగా కనిపించే చోట ఆపి, "ఇక్కడినుంచి చూడండమ్మా, అటేపు చూస్తే మనసు పాడవుద్ది" అన్నాడు. అడగకుండానే అలా చేసినందుకు అతనికి నేను పూర్తి మార్కులు వేస్తాను.

మూడు లాంతర్ల కూడలిలో ఆటో ఆపడం కష్టం. అతడు మమ్మల్ని చదురుగుడి ముందు దింపి, తాను చుట్టూ తిరిగి వచ్చి మళ్ళీ ఎక్కించుకున్నాడు. మోకాళ్ళ నొప్పితో ఉన్న మా చెల్లెలికి ఈ ఏర్పాటు ఎంత ఉపయోగపడిందో చెప్పలేను. దీపాలు పెట్టిన పాత కట్టడం వల్ల ఆ కూడలికి ఆ పేరు వచ్చింది. దానిని 2020లో తొలగించారు. అప్పుడు పత్రికలలో చదివినప్పటికంటే, ఆ చోట నిలబడి అది లేకపోవడాన్ని చూసినప్పుడు కలిగిన బాధ చాలా ఎక్కువ. మా మేనమామ జనంలో తప్పిపోతామేమోనన్న భయంతో మా ఇద్దరికీ ఆ లాంతర్లనే గుర్తుగా చెప్పారు, ఎవరు విడిపోయినా అక్కడికే వచ్చి నిలబడాలని. ఆ మాట నేను చెప్పగానే డ్రైవరు "ఊళ్ళో అందరం పిల్లలకి అదే చెప్పేవోళ్ళమమ్మా" అన్నాడు. చారిత్రక కట్టడాలను కూల్చేముందు అవి జనం బతుకులో ఏ పని చేస్తున్నాయో ఒకసారి అడిగి చూడాలని నేను గట్టిగా నమ్ముతాను. ఒక కట్టడం వయసు ఎంతన్నది మాత్రమే లెక్కలోకి తీసుకుంటే ఆ లెక్క ఎప్పటికీ తప్పుతూనే ఉంటుంది.

సిరిమాను తిరిగే దారి ఇదే. దసరా తరవాత వచ్చే మంగళవారం నాడు, పొడవైన చింతమాను కొసన పూజారి కూర్చొని ఉండగా, చదురుగుడి నుంచి కోట దాకా ఆ మానును మూడుసార్లు తిప్పుతారు. మాను ముందు పాలధార, బెస్తవారి వల, అంజలిరథం, తెల్ల ఏనుగు ఊరేగింపుగా నడుస్తాయి. మేము చూసిన ఏడు ఒక కొట్టు అరుగు మీద ఎక్కి, ముందున్నవాళ్ళ తలల మీదుగా, మాను కొస గాలిలో ఊగుతూ రావడం చూశాము. అరటిపళ్ళు విసురుతున్న చేతులు తప్ప ఇంకేమీ కనిపించని ఆ క్షణాలలో మా చెల్లెలు నా చేతిని ఎంత గట్టిగా పట్టుకున్నదంటే, మర్నాటిదాకా ఆ గుర్తులు పోలేదు. ఆ కొట్టు ఉన్న చోటు చూపించమని మేము అడిగితే డ్రైవరు రెండుసార్లు ఆ వీధిలో నెమ్మదిగా నడిపాడు. అరుగులున్న కొట్లు ఇప్పుడు లేవు, అద్దాల తలుపుల దుకాణాలు వచ్చాయి. మేము గుర్తుపట్టలేకపోయాము. అతడు విసుక్కోలేదు.

1885లో కట్టిన ఘంటస్తంభం ఉన్నచోటనే ఉన్నది. ఎనిమిది మూలల ఆ రాతి కట్టడం చుట్టూ బండ్లూ, ప్రకటనల ఫలకాలూ ముసురుకొని ఉన్నాయి. అప్పట్లో దూరం నుంచే కనిపించేది, ఇప్పుడు దగ్గరికి వెళ్ళాలి. అక్కడ ఎక్కువసేపు ఆగలేదు.

కోట దగ్గర మాత్రం తనివితీరా గడిపాము. 1713లో విజయదశమి నాడు ఈ కోటకు శంకుస్థాపన జరిగింది. అయిదు విజయాలు కలిసి వచ్చిన ముహూర్తమని చెబుతారు: విజయనామ సంవత్సరం, విజయదశమి, జయవారమైన మంగళవారం, విజయరామరాజు పేరు, విజయనగరం పేరు. డ్రైవరు వీటిలో మూడు చెప్పి ఆగిపోతే తక్కిన రెండూ మా చెల్లెలు అందించింది, ఆ తరవాత దారి పొడుగునా అతడు వాటిని మనసులో వల్లె వేసుకుంటూనే ఉన్నాడు. కోటలో మాన్సాస్ విద్యాసంస్థలు నడుస్తున్నాయి. ఇక్కడి రాజవంశీకులైన పి.వి.జి. రాజు గారు 1958లో ఆ సంస్థను స్థాపించి, రాజవంశపు ఆస్తులను చదువు కోసం ఇచ్చారు. నేను చిన్నప్పుడు చూసిన కోటకూ ఇప్పటి కోటకూ మధ్య ఊరంతటిలోకీ తక్కువ తేడా కనిపించింది, అందుకు కారణం ఆ బడులూ కాలేజీలేనని నా అభిప్రాయం. రోజూ వందల పాదాలు తొక్కే మెట్లను ఎవరో ఒకరు బాగుచేస్తూనే ఉంటారు. ద్వారం ముందు పుస్తకాల సంచులతో నవ్వుకుంటూ పోతున్న ఆడపిల్లలను చూసి మా చెల్లెలు, తనను ఇంటర్మీడియెటు చదివించమని అప్పుడు మేనమామ నాన్నగారిని బతిమాలిన సంగతి గుర్తు చేసుకున్నది.

కోట ముందటి మైదానాన్ని బొంకులదిబ్బ అంటారు. గురజాడ ‘కన్యాశుల్కం’ నాటకం మొదలయ్యేది ఇక్కడే అన్న సంగతి డ్రైవరుకు తెలుసు, అది అతడు గర్వంగా చెప్పాడు. గురజాడ అప్పారావుగారి ఇల్లు కూడా చూశాము. ఆయన 1915లో మరణించారు. ఇల్లు ఇప్పుడు స్మారక భవనంగా ఉన్నది. అంత పెద్ద పేరున్న మనిషి నడిచిన గదులు ఇంత చిన్నవా అని ఆశ్చర్యం వేసింది. అలాంటి చోట డ్రైవరు లోపలికి రాకుండా బయట నిలబడి, మాకు కావలసినంత సమయం ఇచ్చాడు. ప్రతి చోటా "ఇంకెంతసేపమ్మా" అని అడిగే డ్రైవర్లను చూసినవాళ్ళకు ఈ ఓపిక విలువ తెలుస్తుంది.

సంగీత కళాశాల దగ్గర అతని ఎరుకకు హద్దు తెలిసింది. 1919లో స్థాపించిన ఈ కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు మొదటినుంచీ వయొలిన్ ఆచార్యులు, 1936లో ప్రిన్సిపాలు అయ్యారు. ఘంటసాల, సుశీల ఇక్కడ చదువుకున్నారన్న సంగతి అతనికి తెలుసు, ఇద్దరి పాటలూ తన ఫోనులో ఉన్నాయి. నాయుడుగారి పేరు మాత్రం అతడు విననే లేదు. నేను దానిని పెద్ద లోపంగా ఎంచను, కాని ఈ ఊరికి బయటివారిని తిప్పే డ్రైవర్లకు మునిసిపాలిటీవారో, పర్యాటకశాఖవారో ఒక్క పూట తరగతి పెట్టి ఇలాంటి సంగతులు చెబితే ఎంత మేలు జరుగుతుందో ఆలోచించాలి. నారాయణదాసుగారు, నాయుడుగారు, కోడి రామమూర్తిగారు నడిచిన వీధులు ఇవి. ఇనుప గొలుసులు తెంపిన బలశాలి రామమూర్తిగారు ఈ ఊళ్ళో వ్యాయామ ఉపాధ్యాయులుగా పనిచేశారని డ్రైవరు ద్వారా వింటే, ఏ పిల్లవాడైనా ఆ ప్రయాణాన్ని మరిచిపోడు. మేము వెళ్ళేసరికి లోపల ఎవరో సాధన చేస్తున్నారు. నేను ఆగమని చెప్పకముందే అతడు ఇంజను ఆపేశాడు. వర్ణం పూర్తయ్యేదాకా ఎవరమూ మాట్లాడలేదు. ఆ రోజుకు నేనిచ్చిన డబ్బు అక్కడికే గిట్టుబాటయింది.

భోజనానికి ఎక్కడికి తీసుకువెళ్ళాలో కూడా అతనికే వదిలేశాము. డ్రైవర్లూ, చిన్న ఉద్యోగులూ తినే ఒక భోజన హోటలుకు తీసుకువెళ్ళాడు. ఆవపెట్టిన అరటికాయ కూర, బెల్లం తగిలించిన గుమ్మడికాయ దప్పళం, నువ్వుల పచ్చడి, మజ్జిగ. మన ఉత్తరాంధ్ర ఇళ్ళలో తినే భోజనమే, కాని ఆవ ఘాటు ముక్కుకెక్కేటంత తాజాగా నూరి పెట్టిన కూర హోటల్లో దొరకడం ఈ రోజుల్లో అరుదు. దప్పళంలో బెల్లం కాస్త ఎక్కువయిందని మా చెల్లెలు అన్నది, నాకు సరిగ్గానే అనిపించింది. అక్కడ తినడం వల్ల అతనికి దక్కే కమీషను ఏమీ ఉండదని చూడగానే తెలుస్తుంది.

మధ్యాహ్నం తరవాత సేవలో కొన్ని లోపాలు కనిపించాయి, అవి చెప్పకపోతే ఈ సమీక్ష చదివేవారికి న్యాయం చేసినట్టు కాదు. అయ్యకోనేరు గట్టు మీద మేము ఇంకాసేపు కూర్చోవాలనుకున్నాము. అతడు మాత్రం రామనారాయణం చూడకపోతే ఊరు చూసినట్టే కాదని మమ్మల్ని తొందరపెట్టాడు. కోరుకొండ దారిలో విల్లు ఆకారంలో కట్టిన ఆ ఆలయ సముదాయం 2014లో ప్రారంభమైంది. సాయంకాలం దీపాలు వెలిగాక నిజంగానే అందంగా ఉంటుంది, పిల్లలతో వచ్చేవారు తప్పక చూడవలసినదే. కాని మేము వెతుక్కుంటూ వచ్చిన ఊళ్ళో అది లేదు. ప్రయాణికులు దేనికోసం వచ్చారో ఉదయం నుంచీ బాగా గ్రహించిన మనిషి, ఆ ఒక్క చోట అందరికీ చూపించేదే మాకూ చూపించాలనుకున్నాడు. పైగా ఆ దూరం మొదట మాట్లాడుకున్న ధరలోకి రాదని చివర్లో మరో 200 రూపాయలు అడిగాడు. అడిగిన మొత్తం ఎక్కువేమీ కాదు, వెళ్ళేముందే చెప్పి ఉంటే బాగుండేది. బండి నడుపుతూ రెండు మూడుసార్లు ఫోను ఎత్తడం కూడా మాకు భయం కలిగించింది. మేము అభ్యంతరం చెప్పాక మానేశాడు. వెనక సీటు ఎక్కే మెట్టు ఎత్తుగా ఉండి మా చెల్లెలు ప్రతిసారీ ఇబ్బంది పడింది. ఒక చిన్న పీట బండిలో పెట్టుకుంటే పెద్దవాళ్ళకు ఎంతో ఉపకారం.

కారు మాట్లాడుకుంటే ఎండా దుమ్మూ తగలవు, సౌకర్యం ఎక్కువ. అయినా ఘంటస్తంభం చుట్టుపక్కల సందులలో కారు తిరగదు, తిరిగినా ఎక్కడా ఆపలేము. ఫోనులో బుక్ చేసుకునే బండ్లు ఒక చోటు నుంచి మరో చోటుకు దింపడానికి బాగుంటాయి గాని, "ఆ కొట్టు ఎక్కడుండేదో కాస్త నెమ్మదిగా పోనియ్యి బాబూ" అన్న మాటకు వాటిలో తావుండదు. కనుక పాత ఊరిని చూడాలనుకునేవారికి ఇప్పటికీ ఆటోయే మేలు. ఎక్కేముందు రామనారాయణం, రామతీర్థం వంటి దూరపు చోట్లు ధరలో కలిసి ఉన్నాయో లేవో తేల్చుకోవాలి. భోజన విరామానికీ, ఆగి ఉండే సమయానికీ విడిగా డబ్బు తీసుకుంటారేమో అడగాలి. ఎండాకాలమైతే ఉదయం ఏడింటికే బయలుదేరి, కోటనూ సంగీత కళాశాలనూ మధ్యాహ్నంలోపే చూసెయ్యడం మంచిది. సిరిమాను నాడు, అంతకు ముందు రాత్రి జరిగే తోలేళ్ళ ఉత్సవం నాడు మాత్రం ఊరి నడుమకు ఏ బండీ పోదు. ఆ రెండు రోజులూ రైల్వే స్టేషనులోనో, కాంప్లెక్సులోనో దిగి, మంచినీళ్ళు చేతిలో పట్టుకొని, నడిచే వెళ్ళాలి.